పవర్ ప్రెస్సుకి రక్షణ ఏర్పాట్లు: ముందు క్లచ్ చూడండి, తర్వాతే గార్డు ఎంచుకోండి

రేకుని నొక్కి కోసే, వంచే పవర్ ప్రెస్సు కింద వేళ్లు పోయిన చోట ఎక్కువగా వినపడే మాట ఒకటుంది: "నేను పెడల్ తొక్కలేదు, ర్యామ్ దానంతట అదే దిగింది." ర్యామ్ అంటే పైనుంచి దిగి రేకుని నొక్కే బరువైన భాగం. చాలామంది ఈ మాటని సాకుగా కొట్టేస్తారు. కానీ విరిగిన స్ప్రింగు, అరిగిన లాచ్ (క్లచ్ పడకుండా పట్టి ఉంచే కొక్కెం), నూనె తాగిన బ్రేకు లైనింగ్ ఉన్న ప్రెస్సు తొక్కకుండానే నిజంగా దిగగలదు. ఎదురుగా ఎంత ఖరీదైన సెన్సార్ పెట్టినా అలాంటి ప్రెస్సు ఆగదు. అందుకే పని గార్డుతో కాక క్లచ్‌తో మొదలవ్వాలి.

క్లచ్ ఏ రకమో తేల్చుకోండి

మెకానికల్ పవర్ ప్రెస్సులో మోటారు ఫ్లైవీల్‌ని తిప్పుతుంది. ఫ్లైవీల్ శక్తిని దాచుకుంటుంది. క్లచ్ పడినప్పుడు ఆ శక్తి క్రాంక్ షాఫ్ట్‌కి అంది ర్యామ్ దిగుతుంది. క్లచ్‌లు రెండు రకాలు.

మొదటిది పూర్తి చుట్టు క్లచ్. రోలింగ్ కీ, పిన్ క్లచ్‌లు ఈ కోవలోవి. పెడల్ నుంచి రాడ్డు ద్వారా లాచ్ కదిలి, కీ (షాఫ్ట్‌ని ఫ్లైవీల్‌కి కలిపే లోహపు ముక్క) ఫ్లైవీల్‌లో పడుతుంది. ఒకసారి పడిందంటే షాఫ్ట్ పూర్తిగా ఒక చుట్టు తిరిగాకే విడుస్తుంది. మధ్యలో ఆపడం ఎవరి వల్లా కాదు.

రెండోది ఫ్రిక్షన్ క్లచ్. గాలి ఒత్తిడితో పట్టుకుంటుంది. గాలి వదిలితే స్ప్రింగులు బ్రేకు వేస్తాయి. ర్యామ్‌ని ఎక్కడైనా ఆపవచ్చు.

చూసి తేల్చడం కష్టం కాదు. క్లచ్‌కి గాలి పైపు, సోలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) ఉంటే సాధారణంగా ఫ్రిక్షన్ క్లచ్. అయితే పాత పూర్తి చుట్టు ప్రెస్సులకి పెడల్ బదులు గాలి సిలిండర్ తగిలించి లాచ్‌ని లాగించేవాళ్లూ ఉన్నారు. కాబట్టి పైపు చూసి నమ్మకండి. డై (రేకుకి ఆకారమిచ్చే అచ్చు) తీసేసి, ఎవరూ దగ్గర లేకుండా చూసుకుని, బటన్ నొక్కి సగం దారిలో వదిలేయండి. ర్యామ్ అక్కడే ఆగితే ఫ్రిక్షన్ క్లచ్. చుట్టు పూర్తిచేసి పైకొచ్చి ఆగితే పూర్తి చుట్టు క్లచ్. తేలిన సంగతి ప్రెస్సు మీదే పెద్ద అక్షరాలతో రాయండి. తర్వాత వచ్చే ప్రతి నిర్ణయం దీని మీదే ఆధారపడుతుంది.

పూర్తి చుట్టు ప్రెస్సుకి ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు

లైట్ కర్టెన్ (కాంతి కిరణాలకి చెయ్యి అడ్డొస్తే ప్రెస్సుని ఆపే సెన్సార్) పనికిరాదు. చెయ్యి లోపలికి వెళ్లిందని సెన్సార్ కనిపెట్టినా ఆపడానికి అక్కడ యంత్రాంగమే లేదు. ఎమర్జెన్సీ స్టాప్ మీద కూడా ఆశ పెట్టుకోకండి. అది మోటారు కరెంటు తీస్తుంది గానీ ఫ్లైవీల్ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆ లోపు కీ పడితే ర్యామ్ మామూలు బలంతోనే దిగుతుంది.

ఇలాంటి ప్రెస్సుకి అన్నిటికన్నా మేలైనది కదలని గార్డు: డై చుట్టూ బోల్టులతో బిగించిన కంచె. రేకు లోపలికి వెళ్లే చీలిక ఒక్కటే వదలాలి. ఆ చీలిక ఎంత సన్నగా ఉండాలన్నది డైకి ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. యంత్రాల భద్రతకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 13857 ప్రకారం పొడవాటి చీలికకి లెక్క ఇది:

- చీలిక 6 మి.మీ. వరకు: నలిగే చోటికి కనీసం 10 మి.మీ. దూరం
- 8 మి.మీ. వరకు: 20 మి.మీ.
- 10 మి.మీ. వరకు: 80 మి.మీ.
- 12 మి.మీ. వరకు: 100 మి.మీ.
- 20 మి.మీ. వరకు: 120 మి.మీ.
- 20 దాటితే: 850 మి.మీ., ఎందుకంటే అక్కడి నుంచి భుజం దాకా చెయ్యి దూరుతుంది

8 నుంచి 10కి రాగానే దూరం ఒక్కసారిగా 20 నుంచి 80కి ఎగరడం గమనించండి. 8 దాకా వేలి కొస మాత్రమే దూరుతుంది, 10కి వేలు మొత్తం దూరుతుంది. కొత్త మందం రేకు వచ్చిందని చీలికని "రెండు మిల్లీమీటర్లే కదా" అని తెరిచే ముందు ఈ వరుస చూడండి. జాలీ గార్డు అయితే తీగని వేలితో వంచి, వంగినప్పుడు ఉన్న వెడల్పు కొలవండి. వంగనప్పటి కొలతతో పని లేదు. రెక్క నట్లు, క్లిప్పులు వాడకండి. స్పానర్ లేకుండా ఊడొచ్చే గార్డు రెండో షిఫ్టుకి మూలన పడి ఉంటుంది. కిందికి దిగే ర్యామ్‌కీ గార్డు అంచుకీ మధ్య కొత్తగా నలిగే చోటు ఏర్పడలేదు కదా అనీ చూడండి. ఇది తరచూ మర్చిపోయే సంగతి.

ర్యామ్ పూర్తిగా పైకెళ్లినప్పుడు కూడా పంచ్‌కీ (ర్యామ్‌తో పాటు దిగే పై అచ్చుకీ) డైకీ మధ్య ఖాళీ 6 మి.మీ. దాటకపోతే ఆ సందులో వేలు పట్టదు. చిన్న స్ట్రోక్ (ర్యామ్ ఒకసారి దిగి లేచే కదలిక) సరిపోయే పనులకి డైని ఈ లెక్కలోనే తయారు చేయించుకుంటే గార్డు తగాదా చాలావరకు తీరిపోతుంది.

వస్తువుని చేత్తోనే లోపల పెట్టాల్సిన పని అయితే గేటు గార్డు కావాలి. గేటు మూసుకున్నాకే లాచ్ కదలాలి. ర్యామ్ చుట్టు పూర్తిచేసి పైన ఆగేదాకా గేటు తెరుచుకోకూడదు. ర్యామ్ పైకి వెళ్తుండగానే తెరుచుకునే రకం గేట్లు కూడా ఉంటాయి. అవి ఫ్రిక్షన్ క్లచ్ ప్రెస్సులకే. రెండో స్ట్రోక్ పొరపాటున పడితే పూర్తి చుట్టు ప్రెస్సులో ఆ గేటు అప్పటికే తెరిచి ఉంటుంది.

మణికట్టుకి కట్టి, ర్యామ్ దిగుతుంటే చేతుల్ని వెనక్కి లాగే పుల్ బ్యాక్ తాళ్లు కూడా పనికొస్తాయి, కానీ ఒకరికి సరిచేసింది ఇంకొకరికి సరిపోదు. షిఫ్టు మారినా, డై మారినా, మనిషి మారినా మళ్లీ సరిచేయాలి. ర్యామ్‌ని మెల్లగా కిందికి దింపి, వేళ్లు ఎంత చాచినా డై అంచు దాటడం లేదని చూసి తీరాలి.

ఇక రెండు చేతుల బటన్లు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. పూర్తి చుట్టు ప్రెస్సులో బటన్లు నొక్కాక చేతులు ఖాళీ అయిపోతాయి, ర్యామ్ మాత్రం దిగుతూనే ఉంటుంది. బటన్ దగ్గర్నుంచి చెయ్యి డై దాకా చేరే లోపు ర్యామ్ మూసుకుపోవాలి. చెయ్యి వేగం సెకనుకి 1.6 మీటర్లని లెక్క. క్లచ్‌కి కీ పట్టే చోటు ఒక్కటే ఉంటే, అత్యంత చెడ్డ సందర్భంలో మూసుకోవడానికి ఒకటిన్నర చుట్ల కాలం పడుతుంది: కీ పట్టే గాడి వచ్చేదాకా దాదాపు ఒక చుట్టు, తర్వాత కిందికి దిగడానికి అర చుట్టు.

నిమిషానికి 60 స్ట్రోకుల ప్రెస్సు తీసుకోండి. ఒక చుట్టుకి 1 సెకను. ఒకటిన్నర సెకన్లు ఇంటు 1.6 అంటే 2.4 మీటర్లు! బటన్లు డైకి అంత దూరంలో ఉండాలి. అదే 120 స్ట్రోకుల ప్రెస్సుకి 1.2 మీటర్లు చాలు. మెల్లగా నడిచే ప్రెస్సు భద్రం అనుకోవడం సహజం, కానీ ఈ లెక్కలో మెల్లనిదే ప్రమాదకరం. 60 స్ట్రోకుల ప్రెస్సుకి పట్టే చోట్లు నాలుగు ఉంటే అర చుట్టు, పావు చుట్టు కలిపి 0.75 సెకన్లు, అంటే మళ్లీ 1.2 మీటర్లు. ఒక్క కీ ఉన్న పాత ప్రెస్సుకి డై పక్కనే, అరడుగు దూరంలో రెండు బటన్లు బిగించి "భద్రత అయిపోయింది" అనుకోవడం ఉత్త భ్రమ.

ఒకే స్ట్రోక్ యంత్రాంగం, బ్రేకు: దిగకూడనప్పుడు దిగే కారణాలు

పెడల్ మీద కాలు అలాగే ఉంచినా ఒక్క స్ట్రోక్ తర్వాత ర్యామ్ ఆగాలి. దీనికోసం ఉండేదే ఒకే స్ట్రోక్ యంత్రాంగం. పూర్తి చుట్టు ప్రెస్సులో ఇది లాచ్, కామ్ (షాఫ్ట్‌తో తిరుగుతూ లాచ్‌ని కదిలించే గుబ్బ), స్ప్రింగుల ఆట. ఇందులోని స్ప్రింగులు నొక్కుడు రకం కావాలి, లోపల రాడ్డు మీదో గొట్టంలోనో కూర్చోవాలి. లాగుడు స్ప్రింగు విరిగితే ఒక్కసారిగా బలం మొత్తం పోతుంది, లాచ్ వదులైపోతుంది. నొక్కుడు స్ప్రింగు విరిగినా ముక్కలు రాడ్డు మీదే ఒకదాన్నొకటి ఆనుకుని కొంత బలం మిగులుతుంది. తీగ మందం కన్నా చుట్ల మధ్య ఖాళీ తక్కువ ఉన్న స్ప్రింగు వేయండి. లేకపోతే విరిగిన చుట్టు పక్క చుట్టులోకి దూరిపోతుంది. పాత స్ప్రింగు పోయిందని దొరికిన లాగుడు స్ప్రింగుని కొక్కెం వంచి తగిలించడం చాలా చోట్ల జరుగుతుంది. అది వేళ్లతో జూదం.

వారానికోసారి ప్రెస్సు ఆపి, ఫ్లైవీల్ పూర్తిగా నిలిచాక ఇవి చూడండి:

1. లాచ్ మూతి. అంచు పదునుగా ఉండాలి. గుండ్రంగా అరిగి మెరుస్తుంటే మార్చాలి. గ్రైండర్‌తో పదును పెట్టి మళ్లీ వేస్తే గట్టిపరచిన పై పొర పోయి ఇంకా త్వరగా అరుగుతుంది.
2. కీ. మూలలు చిట్లాయా, పగుళ్లు ఉన్నాయా? ప్రెస్సు ఖాళీగా తిరుగుతున్నప్పుడు ఫ్లైవీల్ ప్రతి చుట్టుకీ "టక్ టక్" మంటుంటే కీ పూర్తిగా వెనక్కి రావడం లేదు. వెంటనే ఆపేయండి. ఆ శబ్దం తర్వాత వచ్చేది తొక్కని స్ట్రోక్.
3. ఫ్లైవీల్ బుష్, అంటే షాఫ్ట్ మీద ఫ్లైవీల్ తిరగడానికి మధ్యలో ఉండే గొట్టం. నూనె అందక ఎండితే బుష్ షాఫ్ట్‌ని పట్టేస్తుంది. అప్పుడు కీ పడకపోయినా ఫ్లైవీల్ షాఫ్ట్‌ని ఈడ్చుకుపోతుంది. బ్రేకు ఎంత గట్టిదైనా ఆపలేకపోవచ్చు. చేత్తో తాకి చూస్తే వేడి తెలుస్తుంది, అది కూడా ప్రెస్సు ఆగాకే.
4. బ్రేకు. లైనింగ్ మీద నూనె మరక ఉండకూడదు. క్లచ్ దగ్గర ఎక్కువ నూనె పోస్తే అది కారి చేరేది ఇక్కడికే.

బ్రేకు సరిగా ఉందా లేదా తెలుసుకోవడానికి పైసా ఖర్చులేని ఉపాయం ఒకటుంది. ర్యామ్ పూర్తిగా పైన ఆగినప్పుడు క్రాంక్ షాఫ్ట్ చివర, దాని ఎదురుగా ఫ్రేము మీద ఒకే వరుసలో తెల్ల పెయింట్ గీత గీయండి. ప్రతి స్ట్రోక్ తర్వాత రెండు గీతలు కలవాలి. షాఫ్ట్ గీత ముందుకి జారుతుంటే బ్రేకు వదులైంది లేదా నూనె పడింది. గీత చేరకముందే ఆగుతుంటే బ్రేకు మరీ బిగుసుగా ఉంది. అది వేడెక్కుతుంది, కీ కూడా సగంలో ఇరుక్కోవచ్చు. ఉదయం బాగుండి మధ్యాహ్నానికి గీత జారితే వేడికి బ్రేకు పట్టు తగ్గుతున్నట్టు.

పెడల్‌కి పైన, పక్కల రేకు కప్పు ఉండాలి. చేతిలోంచి జారిన సుత్తి దాని మీద పడితే స్ట్రోక్ పడకూడదు. అడుగున జారని రబ్బరు వేయండి. పెడల్ మీద కాలు ఆనించి కూర్చునే అలవాటు కప్పుతో పోదు. ప్రతి స్ట్రోక్ తర్వాత కాలు పూర్తిగా బయటికి తీయించాలి.

ఫ్రిక్షన్ క్లచ్ ప్రెస్సు: ఆగడానికి ఎంతసేపు పడుతోంది?

ఇక్కడ లైట్ కర్టెన్, రెండు చేతుల బటన్లు రెండూ పనిచేస్తాయి. కానీ ఎంత దూరంలో పెట్టాలో తెలియాలంటే ఆగే సమయం కొలవాలి. కంపెనీ పుస్తకంలోని అంకె కొత్త ప్రెస్సుది. మీ దగ్గరున్నది కొత్తది కాదు.

స్టాప్ టైమ్ మీటర్ తగిలించి, ర్యామ్ దిగుతూ క్రాంక్ 90 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఆపండి. ర్యామ్ వేగం ఎక్కువగా ఉండేది ఆ ప్రాంతంలోనే. మీరు వాడే అత్యధిక వేగంతో, అత్యంత బరువైన పై డైతో, ప్రెస్సు వేడెక్కాక కనీసం పదిసార్లు కొలవండి. సగటు కాదు, అన్నిటికన్నా ఎక్కువ వచ్చినదే తీసుకోండి.

ఉదాహరణకి ఎక్కువగా వచ్చింది 0.15 సెకన్లు అనుకుందాం. బ్రేకు అరిగేకొద్దీ ఇది పెరుగుతుంది కాబట్టి బ్రేకు మానిటర్‌ని (ఆగే సమయాన్ని గమనించే పరికరాన్ని) 0.18 దాటితే ప్రెస్సుని ఆపేట్టు పెట్టారు. అప్పుడు లెక్కలో వేయాల్సింది 0.15 కాదు, 0.18. దానికి లైట్ కర్టెన్, కంట్రోల్ స్పందించే కాలం 0.02 కలిపితే మొత్తం 0.20 సెకన్లు.

ఐఎస్ఓ 13855 సూత్రం: దూరం = చెయ్యి వేగం × మొత్తం సమయం + అదనపు దూరం. నిలువుగా పెట్టిన కర్టెన్‌కి చెయ్యి వేగం ముందు సెకనుకి 2000 మి.మీ. అని తీసుకోవాలి. అదనపు దూరం కర్టెన్ ఎంత సన్నని వస్తువుని పట్టగలదో దాని మీద ఉంటుంది: ఆ సామర్థ్యంలోంచి 14 తీసేసి 8తో గుణించాలి.

- 14 మి.మీ. కర్టెన్: 2000 × 0.20 = 400 మి.మీ. అదనం సున్నా. మొత్తం 400 మి.మీ.
- 30 మి.మీ. కర్టెన్: 400 + 128 = 528 మి.మీ. ఇది 500 దాటింది కాబట్టి వేగం 1600గా తీసుకుని మళ్లీ లెక్కించవచ్చు: 320 + 128 = 448. కానీ ఈ రెండో దారిలో 500 కన్నా తక్కువ వచ్చినా 500 కిందికి దిగకూడదు. కాబట్టి 500 మి.మీ.

చౌకగా దొరికిందని కిరణాలు ఎడంగా ఉన్న కర్టెన్ కొంటే 100 మి.మీ. వెనక్కి జరగాలి. ఆపరేటర్ చేతులు చాచి పనిచేయాలి, సాయంత్రానికి భుజాలు నొప్పి, వారానికి కర్టెన్‌ని ఎవరో బైపాస్ చేస్తారు. కొనేటప్పుడే సన్నది కొనండి. లెక్క ఎంత తక్కువ వచ్చినా 100 మి.మీ. కన్నా దగ్గర పెట్టకూడదు. కర్టెన్‌కీ బోల్స్టర్‌కీ (కింది డై బిగించే బల్లకీ) మధ్య మనిషి దూరి నిలబడే సందు ఉంటే అది కర్టెన్‌కి కనపడదు. ఆ సందుని రేకుతోనో అదనపు కిరణాలతోనో మూయాలి. పక్కలు, వెనక వైపు కదలని గార్డులు పెట్టాలి.

రెండు చేతుల బటన్లకి: 1600 × సమయం + 250 మి.మీ. పై ఉదాహరణలో 320 + 250 = 570 మి.మీ. బటన్ల చుట్టూ కప్పులుండి చెయ్యి ముందుకి జరగలేకపోతే 250 తీసేయవచ్చు. రెండు బటన్లూ అర సెకను లోపు నొక్కితేనే స్ట్రోక్ మొదలవ్వాలి. ఏ ఒక్కటి వదిలినా ర్యామ్ ఆగాలి. మళ్లీ మొదలుపెట్టాలంటే రెండూ వదిలి తీరాలి. అప్పుడే ఒకదాన్ని టేపుతో అంటించినా లాభం ఉండదు. బటన్ల మధ్య దూరం కనీసం 260 మి.మీ. ఉంటే ఒక్క చేత్తో రెండూ అందవు. మోచెయ్యి, అరచెయ్యి కలిపి నొక్కకుండా ఉండాలంటే 550 మి.మీ. కావాలి, లేదా మధ్యలో అడ్డుగోడ. ఈ బటన్లు కాపాడేది నొక్కే మనిషినే. పక్కన రేకు పట్టుకుని నిలబడ్డ సహాయకుడికి వేరే జత బటన్లు ఉండాలి.

వాల్వ్, సైలెన్సర్, గాలి

క్లచ్ వాల్వ్ ఒక్కటే అయితే అది ఇరుక్కున్న రోజు గాలి బయటికి పోదు, బ్రేకు పడదు. అందుకే ఒకదాని వెనక ఒకటి రెండు వాల్వులున్న, తనను తాను గమనించుకునే డబుల్ వాల్వ్ వాడాలి. ఒకటి ఇరుక్కుంటే రెండోది గాలి వదులుతుంది, తర్వాతి స్ట్రోక్ మొదలవ్వనివ్వదు. "ప్రెస్సు లాక్ అయిపోతోంది" అని ఆ వాల్వ్ తీసేసి మామూలుది వేశారంటే, అది చెప్పిన మాటకి దాని నోరు నొక్కినట్టే.

ఆగే సమయం పెరిగిందంటే లైనింగ్ విప్పే ముందు వాల్వ్ సైలెన్సర్ (గాలి బయటికి పోయే చోట శబ్దం తగ్గించే భాగం) చూడండి. నూనె, దుమ్ము చేరి మూసుకుపోతే గాలి నెమ్మదిగా పోతుంది, క్లచ్ ఆలస్యంగా విడుస్తుంది. తీసి కడిగితే చాలాసార్లు పాత సమయం తిరిగొస్తుంది. క్లచ్ జారుతోందని గాలి ఒత్తిడి పెంచడం కూడా ఇలాంటి చిక్కే తెస్తుంది: ఎక్కువ గాలి బయటికి పోవడానికి ఎక్కువసేపు పడుతుంది. తర్వాతి వరుసలో లైనింగ్ అరుగుదల, విరిగిన బ్రేకు స్ప్రింగు, బరువైన పై డైకి తగ్గట్టు పెంచని కౌంటర్ బ్యాలెన్స్ (ర్యామ్ బరువుని గాలితో మోసే సిలిండర్) ఒత్తిడి. 14 మి.మీ. కర్టెన్ లెక్కలో 0.05 సెకన్లు పెరిగితే 100 మి.మీ. రక్షణ దూరం పోయినట్టు. కంటికి మాత్రం ప్రెస్సు ఎప్పటిలాగే కనిపిస్తుంది.

ర్యామ్ పైకి వెళ్లేటప్పుడు కర్టెన్‌ని పట్టించుకోకుండా ఉండే ఏర్పాటు చాలా ప్రెస్సుల్లో ఉంటుంది. ఆ ఏర్పాటుని నడిపే కామ్ జారితే, దిగుతున్నప్పుడే కర్టెన్ గుడ్డిదవుతుంది. డై మార్చిన ప్రతిసారీ ఇది చూడండి.

డై బిగించేటప్పుడు, మరమ్మతు చేసేటప్పుడు

ప్రొడక్షన్‌లో ఉన్న గార్డులు ఇక్కడ అడ్డమే, అందుకే తీసేస్తారు. కాబట్టి వరుస తప్పకూడదు:

1. మోటారు ఆపి మెయిన్ స్విచ్ తీయండి. తాళం వేసి తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి.
2. ఫ్లైవీల్ పూర్తిగా ఆగేదాకా కళ్లతో చూడండి. నెమ్మదిగా తిరుగుతున్న ఫ్లైవీల్‌లో కూడా వేలు నలపగల శక్తి ఉంటుంది.
3. క్లచ్ గాలి వదిలి వాల్వ్‌కి తాళం వేయండి. కౌంటర్ బ్యాలెన్స్ గాలి ఇప్పుడే వదలకండి. ర్యామ్‌ని పట్టి ఉంచేది అదే కావచ్చు.
4. బోల్స్టర్‌కీ ర్యామ్‌కీ మధ్య సేఫ్టీ బ్లాక్ పెట్టండి. కౌంటర్ బ్యాలెన్స్ మీద పని ఉంటే దాని గాలి వదలాల్సింది దీని తర్వాతే.

సేఫ్టీ బ్లాక్ ర్యామ్, పై డైల బరువు మోయడానికి తయారైనది, ప్రెస్సు టన్నుల బలానికి కాదు. బ్లాక్ ఉండగా మోటారు నడిచి క్లచ్ పడితే బ్లాకో ఫ్రేమో పగులుతుంది. అందుకే బ్లాక్‌కి గొలుసుతో ప్లగ్గు కట్టి ఉండాలి: ప్లగ్గు ఊడదీస్తే తప్ప బ్లాక్ డై దాకా చేరకూడదు, ప్లగ్గు ఊడితే మోటారుకి కరెంటు అందకూడదు. గొలుసుని పొడిగించడం, ఇంకో ప్లగ్గు పెట్టి నడిపించడం బ్లాక్ లేకుండా పనిచేయడంతో సమానం.

పూర్తి చుట్టు ప్రెస్సుని డై సరిచూడ్డానికి బార్ పెట్టి చేత్తో తిప్పుతారు. ఆ బార్ స్ప్రింగుతో దానంతట అదే బయటికి వచ్చే రకం ఉండాలి. ఫ్లైవీల్‌లో మర్చిపోయిన బార్, మోటారు వేయగానే షెడ్డు అవతలి గోడ దాకా ఎగురుతుంది.

షిఫ్టు మొదట్లో పది నిమిషాలు

డై కింద రేకు పెట్టకముందు, ఎవరి చేతులూ లోపల లేకుండా ఈ పరీక్షలు చేయండి. గార్డు బోల్టులన్నీ ఉన్నాయో చూడండి. బటన్లు నొక్కి పట్టి ఉంచండి, ఒక్క స్ట్రోక్ తర్వాత ర్యామ్ ఆగాలి. ఫ్రిక్షన్ క్లచ్ అయితే ర్యామ్ దిగుతుండగా ఒక బటన్ వదలండి, అక్కడే ఆగాలి. ఒకదాన్ని నొక్కి పట్టి అర సెకను తర్వాత రెండోది నొక్కండి, కదలకూడదు. కర్టెన్‌తో వచ్చిన పరీక్ష కడ్డీని, అంటే కర్టెన్ పట్టగల సామర్థ్యమంత మందమున్న కడ్డీని, పై నుంచి కిందిదాకా మూడు చోట్ల నెమ్మదిగా దించండి: పంపే యూనిట్ దగ్గర, అందుకునే యూనిట్ దగ్గర, నడిమధ్య. ఎర్ర దీపం ఒక్క క్షణం కూడా ఆరకూడదు. ఆరిందంటే పక్కన మెరిసే రేకు కిరణాన్ని తిప్పి పంపుతున్నట్టు, లేదా కొన్ని కిరణాల్ని ఎవరో ఆపేసినట్టు. కడ్డీ తీయగానే ర్యామ్ దానంతట అది కదలకూడదు. బటన్లు మళ్లీ నొక్కితేనే కదలాలి.

ఒక్కటి తప్పినా ప్రెస్సుకి కార్డు తగిలించి ఆపేయాలి. సింగిల్ (ఒక్క స్ట్రోక్), ఇంచింగ్ (కొద్దికొద్దిగా కదపడం), కంటిన్యూయస్ (ఆగకుండా నడపడం) మోడ్‌లు మార్చే తాళంచెవి ప్రెస్సుకి వదిలేయకుండా సూపర్‌వైజర్ దగ్గర ఉంచండి. ఆపరేటర్ అడిగిన ప్రతిసారీ ఎందుకో కనుక్కుని ఇవ్వండి. ముక్క ఇరుక్కుంటే తీయడానికి అల్యూమినియం పటకారు, కొక్కెం ప్రెస్సు పక్కనే వేలాడదీయండి. మెత్తని లోహం కాబట్టి పొరపాటున డై కింద పడ్డా డై పాడవ్వదు. ఇవి గార్డుకి బదులు కావు, గార్డు ఉన్నచోట చెయ్యి లోపల పెట్టే అవసరాన్ని తగ్గించేవి మాత్రమే.